వృత్తిని ముందు చూడవలెను

ప్రతి సంవత్సరము వేసవిలో పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడినంతనే మన ఇండ్లలో ఒక ప్రశ్న బయలుదేరును. "పిల్లవానిని ఎందులో చేర్పించుచున్నారు?" అని ఇరుగుపొరుగువారు అడుగుదురు. పెండ్లిపందిరిలో కలిసికొన్న బంధువులు అడుగుదురు. రైలుపెట్టెలో ఎదుట కూర్చున్న అపరిచితుడును అడుగును. తల్లిదండ్రులు ఒక గ్రూపు పేరో, ఒక కళాశాల పేరో చెప్పుదురు. అడిగినవారు తల యూపుదురు. సంభాషణ అంతటితో ముగియును. ఆ పిల్లవాడు పెద్దవాడై దినమునకు ఎనిమిది గంటలో, పది గంటలో ఏ పని చేయుచు బ్రతుకదలచినాడో ఎవరును అడుగరు. పిల్లవాడు మాత్రము ఆ ప్రక్కనే కూర్చుండియుండును.

మన పూర్వుల కాలమున ఈ ప్రశ్నకు తావే లేకుండెను. కుమ్మరి ఇంట పుట్టినవాడు సారె త్రిప్పెడివాడు. నేతవారి ఇంట పుట్టిన పిల్లలు కండెలు చుట్టుటతో ఆరంభించి, కాళ్ళు అందినంతనే మగ్గము గుంటలోనికి దిగెడివారు. చదువును, వృత్తియు ఒకే కప్పు క్రింద నడిచెడివి. ఆ యేర్పాటునందు గొప్ప అన్యాయము కలదు. వేరొక పని చేయవలెనని మనసున్నవానికి దారి లేదు. పుట్టుక గీచిన గీతను దాటుటకు వీలు లేదు. ఆ గీత చెరిగినంత మేరకు మనము సంతోషింపవలసినదే.

అయినను ఆ మార్పులో ఒక మేలును పోగొట్టుకొంటిమి. ఆనాటి పిల్లవాడు తాను చేయబోవు పనిని ఊహ తెలిసిననాటినుండి కన్నులార చూచెడివాడు. దానిలోని కష్టమేమో, సుఖమేమో, ఏ నెలలో పని చిక్కునో, ఏ నెలలో పస్తుండవలెనో ఎరిగియుండెడివాడు. నేటి పిల్లవాడో, తాను నలుబది సంవత్సరములు చేయబోవు పనిని ఒక్కదినమైనను చూడకుండగనే ఎన్నుకొనవలసి వచ్చుచున్నది. ఎన్నుకొను స్వేచ్ఛ లభించినది కాని చూచు అవకాశము పోయినది. మేము ఈ ప్రసంగమున చెప్పదలచినదంతయు ఈ ఒక్క లోపమునుగూర్చియే.

ఇప్పుడు మన ఇండ్లలో నిర్ణయము జరుగు తీరును గమనింపుడు. లెక్కలలో మార్కులు బాగుగా వచ్చినచో ఎం.పి.సి. లెక్కలన్న భయమున్నచో బై.పి.సి. ఆ రెండును కానిచో సి.ఇ.సి. మార్కులు ఇంకను తగ్గినచో పాలిటెక్నిక్, అదియును కానిచో ఐ.టి.ఐ. అనగా మార్కులకు మెట్లున్నట్లే వృత్తులకును మెట్లు కట్టి, ఏ మార్కుకు ఏ మెట్టో మనమే నిర్ణయించియుంచినాము. ఇంటిలో చెడిపోయిన ఫ్యానును తానే విప్పి బాగుచేయు పిల్లవాడు, విద్యుత్తు పనియందు మిక్కిలి మక్కువ కలవాడు, మార్కులు ఎక్కువ వచ్చిన దోషమునకు ఆ పనికి దూరమగుచున్నాడు. రోగిని చూచినంతనే కన్నులు మూసికొను బాలిక లెక్కలు రావను కారణముచేత వైద్యవిద్యవైపు నడిపింపబడుచున్నది. ఏ ఊరికి పోవలెనో తలచుకొనకయే, నలుగురు నిలుచున్న వరుసలో నిలిచి టిక్కెట్టు కొన్నట్లున్నది మన పద్ధతి.

దీనికి భిన్నముగా, పనిని ముందు తలచి, ఆ తరువాత దానికి తగిన చదువును ఎన్నుకొన్న ఒక తెలుగు వనిత వృత్తాంతమును శ్రోతలకు గుర్తుచేయగోరుచున్నాము.

అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. తండ్రిగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆనాటి ఆచారమునుబట్టి ఆమెకు పదునైదవ యేటనే వివాహమయ్యెను. పదునెనిమిదవ యేట భర్త మరణించెను. అప్పటికి ఒడిలో నాలుగు నెలల ఆడబిడ్డ. ఆ కాలమున అట్టి స్థితిలోనున్న యువతికి లోకము చూపెడి దారి ఏదో మనకు తెలియును. ఆమె ఆ దారిని కాదని, తన కాళ్ళపై తాను నిలువవలెనని నిశ్చయించుకొనిరి.

అప్పుడు ఆమె చేసిన ఆలోచనయే మనకు ముఖ్యము. ఉన్నతవిద్య నభ్యసించు స్త్రీలకు ఆ దినములలో వైద్యము పరిచితమైన మార్గము. కాని వైద్యుని బ్రతుకు ఎట్టిదో ఆమె తలచి చూచిరి. అర్ధరాత్రివేళ పిలుపు వచ్చినను వెళ్ళవలెను. పసిబిడ్డను విడిచి పోవలెను. నియమితమైన వేళకు పోయి, నియమితమైన వేళకు ఇంటికి రాగల పని ఆమెకు కావలెను. ఇంజనీరింగునందు అట్టి వీలున్నదని తోచెను. ఇంటిలో తండ్రియు, సోదరులును ఆ పనిలోనివారే కనుక అది ఎట్టిదో ఆమె ఎరుగును. అయితే గిండీ కళాశాలలో అంతవరకు స్త్రీలు లేరు. తండ్రిగారి పూనికచేతను, కళాశాలాధికారుల ఔదార్యముచేతను ఆమెకు ప్రవేశము లభించెను. విద్యుచ్ఛక్తి శాఖలో చదువు పూర్తిచేసి, 1943లో పట్టము పొందిరి. పట్టపు పత్రముమీద "అతడు" అని అచ్చువేయబడియున్నచోట ఆ మాట కొట్టివేసి, "ఆమె" అని చేతితో వ్రాసిరని చెప్పుదురు. జమాల్‌పూరు రైల్వే కర్మాగారములో శిక్షణ పొంది, తరువాత సిమ్లాలోను, పిమ్మట కలకత్తాలో ఒక విద్యుత్ పరికరముల సంస్థలోను పనిచేసి, భాక్రానంగల్ వంటి మహానిర్మాణములకు సంబంధించిన పనులలో పాల్గొనిరి. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సమావేశమునకు హాజరైరి. 1979లో కీర్తిశేషులైరి.

ఈ వృత్తాంతమునుండి ఆడపిల్లలందరును ఇంజనీర్లు కావలెనని గ్రహించినచో మనము పొరపడినవారమగుదుము. ఆమె ఎన్నుకొన్న విధానమును గ్రహింపవలెను. ఏ వృత్తికి గౌరవము మెండని ఆమె చూడలేదు. ఆ పని చేయువాని దినము ఎట్లు గడచును, నా బ్రతుకులో ఆ దినము ఇముడునా అని చూచిరి. ఆ పిమ్మట చదువును వెదకిరి. ఈ క్రమమునే మనమును మూడు ప్రశ్నలుగా విడదీసికొనవచ్చును.

మొదటి ప్రశ్న: ఆ పనిలో ఒక దినము ఎట్లుండును?

న్యాయవాది అనగా నల్లకోటు ధరించి వాదించుటయే అని పిల్లలు తలచుదురు. కాని తొలి సంవత్సరములలో అతని దినము కాగితములు చదువుటలోను, వాయిదాలకొరకు వేచియుండుటలోను, సీనియరు చెప్పిన పని చేయుటలోను గడచును; సంపాదన స్వల్పము. ఇట్టి ఓపిక కలవారికి అది చక్కని వృత్తి. సివిల్ ఇంజనీరు దినములో అధికభాగము ఎండలో, దుమ్ములో, మేస్త్రీలతోను కూలీలతోను మాటలాడుచు గడచును. నర్సు పనిలో రాత్రి డ్యూటీలుండును, పండుగలుండవు, రోగి చిరాకును నవ్వుతో సహింపవలెను. ఆడిటరు కార్యాలయములో అంకెలవరుసలను గంటలతరబడి విసుగు లేక పోల్చి చూచువాడే రాణించును. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువాడు ఒకే తప్పును దినమంతయు వెదకుచు కూర్చుండవలసియుండును. ఇవి ఏ వృత్తికిని దోషములు కావు, వాని స్వభావములు. ఆ స్వభావమునకు తన స్వభావము సరిపడునో లేదో పిల్లవాడు తెలిసికొనవలెను.

దీనిని ఏ పుస్తకమును చక్కగా తెలుపజాలదు. ప్రతి కుటుంబమునకును తెలిసిన నర్సో, ఎలక్ట్రీషియనో, ఉపాధ్యాయుడో, వకీలో ఉండకపోరు. సెలవులలో పిల్లవానిని వారియొద్దకు పంపుడు. ఒక దినము ప్రక్కన కూర్చుండి చూడనిండు. సాయంకాలము ఇంటికి వచ్చిన తరువాత "ఆ పని నీకు నచ్చినదా?" అని మాత్రమే కాక, "ఆ పనిలో విసుగు కలిగించున దేమి? ఆ విసుగును నీవు ఓర్వగలవా?" అని అడుగుడు. మెరుగు అందరికిని నచ్చును. విసుగును ఓర్వగలవాడే ఆ వృత్తిలో నిలుచును.

రెండవ ప్రశ్న: ఆ పనికి దారి ఎంత దూరము? ఆ దారిలో ఎన్ని ద్వారములు కలవు?

ఈ లెక్కను పదవ తరగతి ముగిసిన దినమునుండి కట్టవలెను. వైద్యుడు కాదలచినవానికి ఇంటర్మీడియట్ రెండు సంవత్సరములు, నీట్ అను దేశవ్యాప్త ప్రవేశపరీక్ష, ఎం.బి.బి.యస్. నాలుగున్నర సంవత్సరములు, ఆపైన ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ఒక సంవత్సరము. ఒక శాఖలో నిపుణుడు కాదలచినచో ఇంకొక ప్రవేశపరీక్షయు, మరి మూడు సంవత్సరములును. మొత్తము పది సంవత్సరములు దాటును. ప్రవేశపరీక్షకొరకు ఆగిపోయిన సంవత్సరములు దీనికి అదనము. న్యాయవాదికి ఇంటర్ పిమ్మట అయిదేండ్ల చదువు, లేక పట్టభద్రుడైన పిమ్మట మూడేండ్ల చదువు; తరువాత బార్ కౌన్సిలులో నమోదు; 2010నుండి అఖిలభారత బార్ పరీక్ష కూడ. చార్టర్డ్ అకౌంటెంటు కాదలచినవానికి ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అను మూడు పరీక్షలును, నడుమ అనుభవజ్ఞులవద్ద శిక్షణయు కలవు. ఆ శిక్షణ మూడు సంవత్సరములుండగా 2023లో రెండు సంవత్సరములకు తగ్గింపబడినది. ఈ రెండు వృత్తులకును ఇంటర్‌లో ఏ గ్రూపైనను సరిపోవును. ఈ సంగతి తెలియక, వకీలు కాగోరిన పిల్లవానిచేత రెండు సంవత్సరములు ఇష్టములేని గణితమును చదివించినవారు కలరు.

దారి పొట్టిదైనంత మాత్రమున పని చిన్నదని తలపరాదు. పదవ తరగతి పిమ్మట పాలిసెట్ వ్రాసి చేరినచో డిప్లొమా మూడు సంవత్సరములు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను, ఫిట్టరు పనులకు రెండేసి సంవత్సరములు. వెల్డరు పనికి ఒక సంవత్సరము. ఈ శిక్షణపథకము 1950లోనే దేశములో ఆరంభమైనది. 1961నాటి అప్రెంటిస్ చట్టముననుసరించి పరిశ్రమలలో పని నేర్చుకొనుచు భృతి పొందు అవకాశము కూడ కలదు. వైద్యవిద్యార్థి శవచ్ఛేదము ఆరంభించునప్పటికి, అతనితో పదవ తరగతి చదివిన ఎలక్ట్రీషియను సంపాదించుటకు ఆరంభింపగలడు. ఏది మేలు అనునది ఆ ఇంటి అవసరమునుబట్టియు, ఆ పిల్లవాని మనసునుబట్టియు నిర్ణయింపవలసినదే గాని పేరునుబట్టి కాదు.

ద్వారముల విషయములో ఒక హెచ్చరిక. చదువు మంచిదే కావచ్చును కాని మనము తట్టిన ద్వారము దానితో తెరువబడకపోవచ్చును. ఉపాధ్యాయవృత్తియే ఇందుకు తార్కాణము. ప్రాథమిక పాఠశాలలో, అనగా అయిదవ తరగతివరకు, బోధింపదలచినవానికి ఇంటర్ పిమ్మట రెండేండ్ల డి.ఇ.ఎల్.ఇడి. తగిన చదువు. ఉన్నతపాఠశాలలో బోధించుటకు డిగ్రీ పిమ్మట బి.ఇడి. కావలెను. బి.ఇడి. పెద్ద చదువు గదా, చిన్న తరగతులకు చెల్లదా అని పలువురు తలచిరి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పెను. చిన్నపిల్లలకు బోధించుట వేరొక విద్య అనుటయే దాని సారాంశము. అప్పటికే బి.ఇడి. ముగించి ప్రాథమికోపాధ్యాయ పదవులకొరకు సిద్ధమగుచున్నవారు ఎంతటి నిరాశకు లోనైరో ఊహింపవచ్చును. కనుక చేరుటకు ముందే, "ఈ చదువుతో ఏ పనికి అర్హత కలుగును, ఏ పనికి కలుగదు?" అని విచారింపవలెను. కళాశాలవారి కరపత్రమును చూచి సరిపెట్టుకొనక, ఆ వృత్తిలో ఇటీవల చేరినవారిని అడుగవలెను.

మూడవ ప్రశ్న: నడుమ ఆగిపోయినచో దాటుటకు వంతెన కలదా?

ఈ ప్రశ్న వేసికొనుట అపశకునమని కొందరు భావింతురు. పిల్లవానికి ధైర్యము చెప్పవలసినవేళ ఓటమి మాట ఏల అందురు. మేము దీనికి విరుద్ధముగా చెప్పుచున్నాము. వంతెన ఉన్నదని తెలిసిన పిల్లవాడే ధైర్యముగా నడచును. ఒకే దారి, ఒకే పరీక్ష, అది తప్పినచో అగాధమే అని నమ్మించుటవలననే ఫలితములు వెలువడిన దినములలో కొన్ని ఇండ్లలో జరుగరాని అనర్థములు జరుగుచున్నవి. ఒక మార్కుల కాగితము ఒక ప్రాణముకంటె బరువైనదని మన పిల్లలకు తోచినదన్నచో, ఆ తోపించినవారము మనమే.

వంతెనలు కలవు. డిప్లొమా ముగించినవారు ఇసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరవచ్చును. ఐ.టి.ఐ. ముగించినవారికి డిప్లొమా రెండవ సంవత్సరములో చేరు మార్గము కలదు. నర్సింగులో జి.ఎన్.ఎం. చదివి ఉద్యోగము చేయుచున్నవారు, తరువాత రెండేండ్ల చదువుతో బి.యస్సి. నర్సింగు పట్టమును పొందవచ్చును. కుటుంబభారముచేత చదువు మానినవారికి 1982లో హైదరాబాదులో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, ద్వారములు తెరచియే యున్నది. దేశములో ఆ తరహా విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది.

పరీక్ష తప్పుట బ్రతుకు తప్పుట కాదనుటకు మన యల్లాప్రగడ సుబ్బారావుగారికంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు. 1895లో భీమవరములో జన్మించిన ఆయన మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి మూడవమారు ఉత్తీర్ణులైరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే పొందిరి. ఆ పత్రముతో సర్కారు వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, 1923లో అమెరికా చేరిరి. అచట కండరముల శక్తికి ఆధారమైన రసాయనపదార్థములనుగూర్చి చేసిన పరిశోధన ఆయనకు ఖ్యాతి తెచ్చెను. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారయ్యెను. బోదకాలు వ్యాధికి నేటికిని వాడుచున్న మందు వెలువడెను. ఆరియోమైసిన్ అను ఔషధము లోకమునకు అందెను. 1948లో ఆయన మరణించిరి. తప్పిన ప్రతి విద్యార్థియు సుబ్బారావు కాడు. ఆ మాట చెప్పి ఎవరిని మభ్యపెట్టరాదు. కాని ఆయన పట్టుకొన్నది పట్టమును కాదు, పనిని. పని చేతిలో ఉండుటచేతనే, పట్టము చిన్నదైనను దారి మూసికొనిపోలేదు.

ఇక ధనము మాట. చదువునకై అర ఎకరము అమ్మిన తండ్రులను, మెడలోని గొలుసు తాకట్టుపెట్టిన తల్లులను మనము ఎరుగుదుము. ఆ త్యాగము పూజనీయమే. అయితే త్యాగమునకు ముందు లెక్క ఉండవలెను. ఫీజు ఎంత, హాస్టలు ఖర్చు ఎంత, ఎన్ని సంవత్సరములు, చేరిన కొత్తలో జీతమెంత వచ్చును, అప్పు తీరుటకు ఎంతకాలము పట్టును అను విషయములను పిల్లవాని ఎదుటనే చర్చింపవలెను. దాచిపెట్టి చేసిన త్యాగము ఏనాడో ఒకనాడు "నీకొరకు ఇంత చేసితిమి" అను దెప్పుగా బయటపడును. తెలిసి పంచుకొన్న భారము పిల్లవానికి బాధ్యత నేర్పును.

ఆడపిల్లల విషయములో మన లెక్క మరింత చిత్రముగా ఉండును. ఎట్లైనను పెండ్లిచేసి పంపవలసినదే గదా అని, దగ్గరి కళాశాలలో ఏది దొరకిన అది చదివింతుము. పదునెనిమిదవ యేట లలితగారికి వచ్చిన ఆపద ఎవరికిని రాకూడదని కోరుకొందము. కాని వచ్చినచో నిలువబడుటకు ఆమెకు ఉండిన ఆధారమేమో ఆలోచింపవలెను. కూతురికి తండ్రి ఇచ్చు ఆస్తులలో, ఒక పని చేయగల నేర్పును ఎవరును పంచుకొనజాలరు, ఎవరును అమ్ముకొనజాలరు.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఇది. ఏ గ్రూపో, ఏ కళాశాలయో నిర్ణయించుటకు ముందు ఒక సాయంకాలము ఇంటిల్లిపాదియు కలిసి కూర్చుండుడు. ఒక కాగితము తీసికొని, పని, దానిలోని ఒక దినము, చదువు సంవత్సరములు, పరీక్షలు, ఖర్చు, ఆగినచో వంతెన అని వరుసలు గీయుడు. రెండు మూడు వృత్తులను ఎదురెదురుగా వ్రాసి చూడుడు. తెలియని గడులను ఖాళీగా విడువుడు. ఆ ఖాళీలే రేపు ఎవరిని కలిసికొనవలెనో తెలుపును. పెద్దల అనుభవము ఆ కాగితమునకు ఎంతయో అవసరము. కాని మొదటి వరుసలో మొదటి మాటను మాత్రము పిల్లవానిచేత, లేక పిల్లచేత, వ్రాయింపుడు. మన చేతికి కలము ఆ తరువాత రావలెను.